బీటిల్స్ పాటలో పాడేవాళ్లు మాయమవుతున్నారు, రేడియోలో ఇలా ఉండేది కాదంటున్నారు మా పెదనాన్న

కాలవగట్టు (విజయవాడ):

మా పెదనాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేదట, అందుకని ఘంటసాల అంటే ఎంత పిచ్చో, బీటిల్స్, క్లిఫ్ రిచర్డ్, కార్పెంటర్స్ లాంటి ఇంగ్లీషు పాటలవాళ్లన్నా అంతే పిచ్చి. అన్నీ రేడియోలో విన్నవే, రికార్డులు కొనే స్తోమత అప్పట్లో ఎవరికుంది.

మొన్న ఆయన ఫోన్‌లో బీటిల్స్ 1963 ఆల్బమ్ ఒకటి పెట్టిచ్చాను. ఆయనకి కుడి చెవి వినపడదు, ఎడమ చెవిలో ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకుంటారు. రెండో పాట అయినా పూర్తి కాకుండానే పీకేసి, "ఒరే, వాయిద్యాలు వస్తున్నాయి గానీ పాడేవాడేడిరా, సగం పాటే ఎక్కించావు" అని నాకు క్లాసు. నేను రెండు చెవుల్లో పెట్టుకుంటే బాగానే ఉంది. ఎడమది ఒక్కటే పెట్టుకుని వింటే మాత్రం నిజంగానే గిటార్లు, డ్రమ్ములు, గొంతు ఎక్కడో లీలగా. ఇయర్‌ఫోన్ మార్చాను, నా ఫోన్‌లో పెట్టి చూశాను, అదే కథ. 80ల్లో పాటలకి ఈ గొడవే లేదు. కారణం ఎవరికైనా తెలుసా?

ఇంకోటి, విజయవాడలో ఏ ఎఫ్ఎమ్‌లో అయినా ఇలాంటి పాత ఇంగ్లీషు పాటలు వస్తాయా? పాటలు వెతుక్కుని పెట్టుకోవడమంటే ఆయనకి చిరాకు. ఎవరో ఒకరు వేస్తూ ఉంటే తను పేపరు చదువుకుంటూ వినాలి, అంతే.

ఫుల్‌వాల్యూమ్:

యూట్యూబ్‌లో ఓల్డీస్ అని కొట్టు బ్రో, గంటల గంటల వీడియోలు వస్తాయి. ఇంకా రేడియో ఏంటి.

కాలవగట్టు:

అదీ అయింది బ్రో. పాట మధ్యలో ఏదో క్రీము యాడ్ ఒక్కసారిగా అరుస్తోంది, ఆయన ఉలిక్కిపడి ఫోన్ కింద పడేస్తున్నారు.

సౌండ్‌పెట్టె (గుంటూరు):

ఫోనూ బాగానే ఉంది, ఇయర్‌ఫోనూ బాగానే ఉంది. ఆ పాటల స్టీరియో మిక్సే అంత. స్టీరియో అంటే ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి వేరువేరుగా వచ్చేది, మోనో అంటే అంతా కలిపి ఒకటే. మిక్స్ అంటే గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపిన తీరు. నేను పెళ్లిళ్లకి, ఆర్కెస్ట్రాలకి సౌండ్ చేస్తుంటాను కాబట్టి ఈ టాపిక్ వస్తే ఆగలేను, కాస్త పెద్దగానే రాస్తా.

బీటిల్స్ మొదటి రెండు ఆల్బమ్‌లూ 1963లోవే. లండన్‌లో ఆబీ రోడ్‌లో ఉన్న ఈఎమ్ఐ స్టూడియోలో రెండు ట్రాకుల టేపు మీద రికార్డ్ చేశారు. ఒక ట్రాకులోకి వాయిద్యాలు, రెండో దాంట్లోకి గొంతులు. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ అలా విడదీసి పెట్టుకున్నది ఎందుకంటే, తర్వాత తీరిగ్గా కూర్చుని గొంతు ఎంత ఉండాలి, గిటారు ఎంత ఉండాలి అని సరిచూసుకుని రెండూ కలిపి ఒకే మోనో పాటగా చేయడానికి. అప్పట్లో బ్రిటన్ కుర్రాళ్ల దగ్గర ఉన్న ప్లేయర్లు మోనో, రేడియో మోనో, అందుకే శ్రద్ధంతా మోనో మీదే పెట్టారు. స్టీరియో కొనేవాళ్లు కొద్దిమంది. వాళ్ల కోసమని ఆ రెండు ట్రాకుల్నే ఇటొకటి అటొకటి పెట్టేశారు, ఎడమ పక్క వాయిద్యాలు, కుడి పక్క గొంతులు. ఇప్పుడు ఫోన్‌లో మామూలుగా వచ్చేది ఆ స్టీరియోనే. మీ పెదనాన్నగారికి వినపడని చెవి పక్కనే బీటిల్స్‌లో పాడే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఇద్దరూ నిలబడి పాడుతున్నారన్నమాట. ఎడమ పక్క లీలగా వచ్చే గొంతు ఏంటంటే, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయిస్తూ పాడారు కదా, వాయిద్యాల మైకుల్లోకి కూడా కొంచెం గొంతు దూరింది. మా స్టేజీ మీద డ్రమ్స్ మైకులో సింగర్ గొంతు పడ్డట్టే.

ఇక రేడియో సంగతి, పాత సెట్లలో వచ్చే షార్ట్‌వేవ్, మీడియంవేవ్ ఎలాగూ మోనోనే. ఎఫ్ఎమ్‌లో స్టీరియో ప్రసారం చేసినా, ఒక్క స్పీకరు ఉన్న సెట్టు ఎడమా కుడీ కలిపేసే వినిపిస్తుంది. కాబట్టి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, రేడియోలో ఈ బాధ ఉండదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లండి, ఆడియో దగ్గర మోనో ఆడియో అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. అది ఆన్ చేస్తే రెండు పక్కలదీ కలిసి ఒకే చెవిలోకి వస్తుంది. అసలు అప్పుడు చేసిన మోనో మిక్సులే కావాలంటే 2009లో వాటిని విడిగా ఒక సెట్టుగా విడుదల చేశారు, అందులో వినొచ్చు. ఈ ఇటొకటి అటొకటి వ్యవహారం 1965 పాటల్లో కూడా ఉంది, 1963తో అయిపోలేదు.

రిటైర్డ్‌మాస్టారు:

కాలవగట్టుగారూ, మీ పెదనాన్నగారు విన్నది చాలావరకు కొలంబో స్టేషనే, అదే రేడియో సిలోన్ అయి ఉంటుంది, అడిగి చూడండి. నేను గుంటూరు ఏసీ కాలేజీలో చదివేరోజుల్లో మా గదిలో వాల్వుల రేడియో ఉండేది. ఆన్ చేశాక అది వేడెక్కి నోరు విప్పేదాకా ఆగాలి. ఏరియల్‌కి రాగి తీగ జాలీ పట్టీ ఒకటి గోడ నుంచి గోడకి కట్టేవాళ్లం. ముల్లు వెంట్రుక వాసి జరిగినా స్టేషన్ పోయేది, దొరికాక కూడా పాట కెరటంలా లేచి పడుతూ ఉండేది. సరిగ్గా పల్లవి దగ్గర పడేది, అది వేరే సంగతి.

రేడియో సిలోన్‌లో హిందీ పాటలు, ఇంగ్లీషు పాటలు, మన తెలుగు పాటలు అన్నీ వచ్చేవి. తెలుగులో అనౌన్సర్ మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు ఆ కాలం వాళ్లెవరూ మర్చిపోరు. ఇంగ్లీషు పాటలకి అనౌన్సర్లు వెర్నన్ కొరియా, జిమ్మీ భరూచా లాంటివాళ్లు. మన దగ్గర 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉండి ఆకాశవాణిలో సినిమా పాటలకి కళ్లెం వేయబట్టే కదా జనమంతా కొలంబో వైపు తిరిగారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాక గానీ వాళ్లు వెనక్కి రాలేదు, వచ్చింది కూడా కొంతమందే.

తమాషా ఏంటంటే బ్రిటన్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. బీబీసీ రోజుకి ఎంతసేపు రికార్డులు వేయొచ్చో లెక్క ఉండేది, ఆర్టిస్టుల సంఘంతో, రికార్డు కంపెనీలతో ఒప్పందం అలాంటిది. ఊరంతా బీటిల్స్ అంటూ ఊగుతుంటే రేడియోలో ఆ పాటలు అరకొరగా వచ్చేవి. 1964లో ఒకాయన ఓడలో ట్రాన్స్‌మిటర్ పెట్టి, తీరం నుంచి చట్టం వర్తించనంత దూరంలో లంగరేసి, పొద్దున్నుంచీ పాప్ పాటలు వేయడం మొదలుపెట్టాడు. అదే రేడియో కెరోలైన్. జనం ఎగబడ్డారు. 1967 ఆగస్టులో ప్రభుత్వం చట్టం తెచ్చి అలాంటి స్టేషన్లకి సాయం చేయడం నేరమంది, సెప్టెంబరు 30న బీబీసీ తనే రేడియో 1 పెట్టి ఓడల్లో పనిచేసిన కుర్రాళ్లనే కొందరిని తెచ్చుకుంది. కేస్కర్ గారి కథకీ దీనికీ పెద్ద తేడా లేదు, రెండు చోట్లా సముద్రం అవతలివాడే గెలిచాడు.

ఆ కెరోలైన్ ఇప్పటికీ ఉంది, ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది. పాత రాక్ పాటలకి అంతకన్నా మంచిది నాకు తెలియదు.

యాడ్‌బాబాయ్ (విజయవాడ):

మీ రెండో ప్రశ్నకి నేను చెప్తా, ఒక ఎఫ్ఎమ్‌కి కొన్నాళ్లు యాడ్లు తెచ్చిపెట్టాను. విజయవాడ ప్రైవేటు స్టేషన్లలో మీకు కావాల్సింది దొరకదు, ఆశ పెట్టుకోకండి. యాడ్ ఇచ్చేది బీసెంట్ రోడ్డు బట్టల షాపులు, బంగారం కొట్లు, ఇంటర్ కాలేజీలు. వాళ్లకి కావాల్సింది ఆటోలో, కారులో, కిచెన్‌లో తెలుగు పాట వినే జనం. ఈగల్స్ బ్యాండు వాళ్ల హోటల్ కాలిఫోర్నియా పాట ఆరున్నర నిమిషాలు, అంతసేపట్లో మా వాళ్లు ఒక పాట, నాలుగు యాడ్లు, ఒక జోకు కానిచ్చేస్తారు. ఇంగ్లీషు పాటల స్టేషన్ అంటే బెంగళూరులో ఇండిగో 91.9 లాంటివే, ఎఫ్ఎమ్ అంత దూరం రాదు.

మన ఊరనే కాదు, న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎమ్ అని 1972 నుంచి ఓల్డీస్ వేసిన స్టేషన్ ఉంది. 2005 జూన్‌లో ఉన్నట్టుండి ఆ పాటలు తీసేశారు, ముసలివాళ్లు వింటే యాడ్లు రావని లెక్క. జనం దుమ్మెత్తిపోశారు, రేటింగ్స్ పడిపోయాయి, 2007 జులైలో చచ్చినట్టు మళ్లీ తెచ్చారు. మన దగ్గర తిట్టడానికైనా అలాంటి స్టేషన్ ఒకటి ఉండాలి కదా.

కెరోలైన్ కాకుండా రేడియో ప్యారడైజ్ కూడా చూడండి, కాలిఫోర్నియా వాళ్లది, యాడ్లే ఉండవు, వినేవాళ్ల చందాలతో నడుస్తుంది. కాకపోతే పాతా కొత్తా కలిపి వేస్తారు. యాడ్ల మీద బతికిన నాకే అది హాయిగా ఉంటుంది.

కాలవగట్టు:

అందరికీ థాంక్స్. మోనో ఆన్ చేసిచ్చాను, లెనన్ ఎడమ చెవిలోకి వచ్చేశాడు. కెరోలైన్ కూడా పెట్టాను, మధ్యాహ్నం భోజనం టైమ్‌కి అక్కడ పొద్దుటి ప్రోగ్రాం నడుస్తోంది, లండన్‌లో చలి గురించి వాళ్లు చెప్తుంటే ఇక్కడ బెజవాడ ఎండలో కూర్చుని ఆయన ముసిముసి నవ్వులు. మాస్టారూ, కొలంబోనే అట, మీనాక్షి గారి పేరు చెప్పగానే గంటసేపు చెప్పారు.

ఇయర్‌ఫోన్ వద్దు, స్పీకరు కొనిపెట్టమంటున్నారు. చిన్న బ్లూటూత్ స్పీకరు ఒక్కటి సరిపోతుందా, అందులో మళ్లీ గొంతు పోతుందా?

సౌండ్‌పెట్టె (గుంటూరు):

ఒక్కటే చాలు, చిన్నవి మామూలుగా ఎడమా కుడీ రెండు చానళ్లూ కలిపే వాయిస్తాయి. జతగా ఎడమొకటి కుడొకటి వచ్చేవి మాత్రం కొనకండి. కొనేముందు షాపులోనే ఆ 1963 ఆల్బమ్ పెట్టించి వినండి, సెకన్లలో తేలిపోతుంది. మోనో ఆన్ చేసింది ఆయన ఫోన్‌లోనే కదా? మీ దాంట్లో కూడా చేసి ఉంటే ఇళయరాజా వినేముందు ఆఫ్ చేసుకోండి.