పాత లారీ మా డ్రైవర్‌కే కిస్తీల మీద ఇద్దామనుకుంటున్నా, ఆర్సీ ఎవరి పేరు మీద ఉండాలి?

బెజవాడ_బండి:
అన్నలూ నమస్తే. నాకు రెండు బండ్లున్నాయి, అందులో పాతది 2013 మోడల్ టాటా 2518, పది టైర్లు, ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది. జగ్గయ్యపేట సిమెంటు, తిరుగు లోడు ఏది దొరికితే అది, ఇదే లైను. దాని మీదున్న డ్రైవరు మా నాన్న టైంలో క్లీనర్‌గా వచ్చినవాడు, ఇంట్లో మనిషి లెక్క. డీజిల్ దగ్గర గానీ బత్తా దగ్గర గానీ ఇంతవరకు ఒక్క మాట రాలేదు, పొద్దున్నే బండి తీసేముందు రాడ్డు పట్టుకుని పది టైర్లూ కొట్టి చూసుకుంటాడు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు నాకు రెండు బండ్లు చూసుకునే ఓపిక లేదు. బ్రోకర్‌కి చెప్తే ఏడు లక్షల దాకా వస్తుంది, ఇతనికైతే ఆరున్నరకి ఇచ్చేద్దామని. చేతిలో లక్ష ఇస్తాడు, మిగతాది నెలకి 18 వేలు చొప్పున 36 కిస్తీలు. ఇంత పాత బండికి బ్యాంకోళ్ళు లోను ఇవ్వరు, బయట ఫైనాన్స్‌కి పోతే వడ్డీలకే సరిపోతుంది వాడి సంపాదన. నా డౌటు ఏంటంటే కిస్తీలు అయ్యేదాకా ఆర్సీ నా పేరు మీదే ఉంచుకుని స్టాంపు పేపర్ మీద అగ్రిమెంటు రాసుకుంటే సరిపోతుందా? మా ఆటోనగర్‌లో అందరూ అలాగే చేస్తున్నారు మరి.

కాకినాడ_ఆరుటైర్లు:
ఆర్సీ మాత్రం వదలకు తమ్ముడూ. ఎంత మంచోడైనా డబ్బు దగ్గరికొచ్చేసరికి మనిషి మారతాడు. ఒక కిస్తీ పండగన్నాడు, ఇంకో కిస్తీ పిల్ల పెళ్ళన్నాడు, అప్పుడు ఏం చేస్తావు? ఆర్సీ నీ పేరు మీద ఉంటే బండి తెచ్చి ఇంటిముందు పెట్టుకోవచ్చు. ఒక ప్రాంసరీ నోటు, నాలుగు ఖాళీ చెక్కులు తీసుకో, అంతే. మా వైపు అన్నీ ఇలాగే నడుస్తాయి.

క్లెయిముల_గుమస్తా:
పైన అన్నగారు చెప్పింది రివాజే గానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది. నేను మోటారు యాక్సిడెంట్ కేసులు చూసే లాయర్ దగ్గర పనిచేస్తాను, ఇలాంటివి వస్తూనే ఉంటాయి. బండి అమ్మేశాను, డబ్బు కూడా తీసుకున్నాను అని ఎంత మొత్తుకున్నా ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో తేల్చేసింది. రేపు మీ డ్రైవరు ఇన్సూరెన్స్ ఒక వారం లేటుగా కట్టాడనుకోండి, ఆ వారంలోనే ఏదైనా జరిగితే నోటీసు వచ్చేది మీ ఇంటికి, మీ రెండో బండి మీదకీ మీ ఇంటి మీదకీ వస్తుంది. హైర్ పర్చేజ్, అంటే కిస్తీల మీద కొనుగోలు అయితే బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఓనరని చట్టంలో ఉంది కదా అంటారు, ఉంది, కానీ అది ఆర్సీలో ఎక్కకపోతే మీ స్టాంపు పేపరు నిజమైనదేనని నిరూపించుకోడానికే కోర్టు చుట్టూ తిరగాలి.

ఇదంతా మీ వైపు. అతని వైపు ఇంకా ఘోరం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇవాళ అతను మీ జీతగాడు కాబట్టి డ్యూటీలో ఏమైనా అయితే పెయిడ్ డ్రైవర్ కింద మీ పాలసీలో కవర్ అవుతాడు. అగ్రిమెంటు రాసిన రోజు నుంచి జీతగాడు కాదు. ఓనరా అంటే ఆర్సీలో పేరు లేదు, ఓనర్ డ్రైవర్‌కి వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ రిజిస్టర్డ్ ఓనర్‌కే. థర్డ్ పార్టీ, అంటే బయటి మనిషి కూడా కాదు. అర్ధరాత్రి చెట్టుకి గుద్ది పోతే వాళ్ళావిడకి ఏ దారీ ఉండదు, కిస్తీలు సగం కట్టిన బండి తుక్కు మాత్రం మిగులుతుంది.

అందుకని ఆర్సీ అతని పేరు మీదకి మార్చేసి, మీ పేరు ఫైనాన్షియర్‌గా ఎక్కించుకోండి. ఫారం 29, 30తో ట్రాన్స్‌ఫర్, దాంతోపాటే ఫారం 34తో హైర్ పర్చేజ్ ఎంట్రీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 ప్రకారం మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అతను బండి ఇంకొకరికి మార్చలేడు. ఫైనాన్షియర్ అంటే కంపెనీయే అవ్వాలని చట్టంలో లేదు, మామూలు మనిషైనా పర్లేదు, కాకపోతే ఆన్‌లైన్లో పేరు ఎలా ఎక్కిస్తారో ముందే ఆర్టీఓ ఆఫీసులో మాట్లాడుకోండి. కిస్తీలు అయిపోయాక ఆ ఎంట్రీ తీసేయడానికి ఫారం 35 మీద మీరు సంతకం పెట్టి ఇస్తే సరి. పర్మిట్, ఇన్సూరెన్స్ కూడా వెంటనే అతని పేరు మీదకి మార్పించాలి, అది మర్చిపోతారు చాలామంది.

నల్గొండ_ఓనర్‌కమ్‌డ్రైవర్:
నేను ఇలాగే మా సేటు దగ్గర బండి తీసుకున్నోన్ని, కట్టేసిన కూడ. ఆర్సీ సంగతి పైనోళ్ళు చెప్పిన్రు, నేను కిస్తీల సంగతి చెప్త. మీ లెక్కన 18 వేలు 36 నెలలంటే 6,48,000, అంటే ఐదున్నర మీద నూటికి అర్ధ రూపాయి వడ్డీ పడ్డట్టు, న్యాయమే. కానీ అన్నా బండి 2013ది. పది టైర్ల బండికి నేషనల్ పర్మిట్ 15 ఏళ్ళ దాకనే, అంటే 2028ల అయిపాయె. ఆ తర్వాత నేషనల్ పర్మిట్ మీద రాష్ట్రం దాటుడుండదు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజులు కూడ పెరుగుతయ్. మీ కిస్తీలు 2029 దాక పోతున్నయ్. సంపాదన తగ్గినంక కూడ అదే 18 వేలు ఎట్ల కడ్తడు? ధర ఇంకో యాభై వేలు తగ్గించి 30 నెలల్ల ముగించుండ్రి.

ఇంకోటి, వానకాలం సిమెంటు ఉండదు, జులై ఆగస్టుల బండి ఆఫీసు ముంగట వారం వారం లైన్ల ఉంటది. వడ్లు బియ్యం సీజన్ల మల్ల లోడ్లు గట్టిగ దొరుకుతయ్. ఆ రెండు నెలలు పదివేలే కట్టి సీజన్ల పాతిక వేలు కట్టేటట్టు రాసుకుంటే మనిషి ఖాళీ జేబుతోని నీ ముంగట నిలబడే పరిస్థితి రాదు. వరసగ మూడు కిస్తీలు తప్పితేనే బండి వెనక్కి, అప్పటిదాక కట్టినదాంట్ల నెల కిరాయి పట్టుకుని మిగతాది వాపస్ అని గూడ రాయాలె. ఇది రాయకుంట రెండేళ్ళు కట్టించుకుని బండి గుంజుకున్నోళ్ళని చూసిన. ఆన్‌లైన్లనే పంపించుకోండ్రి, చేతికిస్తే ప్రాంసరీ నోటు వెనక జమ రాసి సంతకం పెట్టాలె.

బెజవాడ_బండి:
గుమస్తా గారూ, వాళ్ళావిడ గురించి మీరు చెప్పింది నాకు అసలు తట్టలేదండి. ఆర్సీ మార్చేస్తా. నల్గొండ అన్నా, 30 నెలలకి ఒప్పుకుంటున్నా, ధర ఆరు చేసి వానకాలం పదివేలు. ఒక్కటే తెగట్లేదు: ఇంజన్ ఈ మధ్యే పొగ పెడుతోంది, బోర్‌కి వస్తే, అంటే ఇంజన్ విప్పి సిలిండర్లు బాగు చేయించాల్సి వస్తే, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నల్గొండ_ఓనర్‌కమ్‌డ్రైవర్:
పొగ నువ్వు ఉన్నప్పుడే మొదలైంది కదా, ఇచ్చే ముందల మెకానిక్ కాడికి ఇద్దరూ కలిసి తీస్కపోండ్రి. ఇప్పుడే బోర్ కావాలంటే ఖర్చు నీది, లేకుంటే ధరల తగ్గించు. ఆరు నెలలు గ్యారంటీ లెక్క ఇంజన్, గేర్‌బాక్స్ చెరి సగం, ఆ తర్వాత మొత్తం ఆయనే. టైర్లు, స్ప్రింగు పట్టీలు మొదటి రోజు నుంచి ఆయనయే.

క్లెయిముల_గుమస్తా:
ట్రాన్స్‌ఫర్‌కి వెళ్ళేముందు బండి నంబరు మీద ఈ-చలాన్లు (ట్రాఫిక్ ఫైన్లు), మూడు నెలలకోసారి కట్టే క్వార్టర్ ట్యాక్సు బాకీలు చూసి కట్టేయండి, అవి ఉంటే అక్కడే ఆగిపోతుంది. అమ్మినట్టు మీరు 14 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, ఆ అక్నాలెడ్జిమెంటు కాపీ మీ దగ్గర భద్రంగా పెట్టుకోండి.