ఉపవాసం రోజు తలనొప్పి ఆకలి వల్లా, కాఫీ లేకనా?

గోదారిగట్టు:
కార్తీక సోమవారం వచ్చిందంటే మధ్యాహ్నానికి మా అమ్మకి తల పగిలిపోతుంది. ఆ రోజు కాఫీ కూడా ముట్టదు. సాయంత్రం నక్షత్రం చూశాక అన్నం కంటే ముందు కాఫీ గ్లాసే అందుకుంటుంది. అరగంటలో మామూలు మనిషైపోతుంది. ఇంట్లో అందరూ నీరసం అంటారు. కానీ పెళ్లిళ్లలో భోజనం మూడింటికైనా ఆవిడకి ఈ నొప్పి రాదు. నాకు కాఫీ మీదే అనుమానం. మీ ఇళ్లలో ఎలా ఉంటుంది?

చిక్కటి_డికాక్షన్:
మీ అనుమానం నిజమేనండీ. మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది. అది వెళ్లి అతుక్కునే చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ చేరితే మత్తుగా, బద్ధకంగా ఉంటుంది. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ ఆకారం దానికి దగ్గర. అందుకని ఆర్టీసీ బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు ఆ చోట్లను ముందే పట్టేసుకుంటుంది. కొత్తగా ఒంట్లోకి ఓపికేమీ రాదు, అలసట కబురు అందదు, అంతే.

రోజూ తాగేవాళ్లలో మెదడు అలాంటి చోట్లను ఇంకా పెంచుకుంటుంది. కాఫీ ఆపేసిన రోజు అడెనోసిన్ అన్నిటి మీదా పడుతుంది. తలలో రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి మొదలు. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో ఇది వస్తుంది. అమ్మగారు ఆదివారం సాయంత్రం నాలుగింటికి తాగితే సోమవారం మధ్యాహ్నానికి 20 గంటలు. లెక్క సరిపోయిందిగా! మానసిక వైద్యులు వాడే రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5లో 2013 నుంచి దీన్ని ఒక రుగ్మతగానే చేర్చారు.

దమ్‌చాయ్:
మా పాతబస్తీలో రంజాన్ మొదటి రెండు మూడు రోజులు ఇదే లొల్లి. సాయంత్రం అసర్ నమాజ్ టైముకు ఒక్కొక్కరు తల పట్టుకొని కూసుంటరు. తెలిసినోళ్లు పది రోజుల ముందు నుంచే చాయ్ తగ్గిస్తరు. మా అన్న తెల్లారకముందు తినే సహరీలో ఒక కప్పు తాగి నిభాయిస్తడు. ఇరానీ చాయ్ డికాక్షన్ గంటలకొద్ది మరుగుతది కదా, చిన్న కప్పే అని తీసిపారేయొద్దు.

సందేహాల_సుబ్బు:
అన్నీ కాఫీ మీదికి తోసేస్తే ఎలా? నీళ్లు సరిగ్గా తాగకపోయినా, ఖాళీ కడుపుతో ఉన్నా తలనొప్పి వస్తుంది. నాకు కాఫీ అలవాటే లేదు, ఏకాదశికి తల దిమ్ముగానే ఉంటుంది.

చిక్కటి_డికాక్షన్:
ఒప్పుకుంటా సుబ్బుగారూ. అందుకే ఒక ఉపవాసం రోజు పొద్దున నాలుగు గుక్కలు కాఫీ మాత్రం తాగి చూడమనండి. నొప్పి రాకపోతే సంగతి తేలిపోతుంది. ఇంకోటి, కొన్ని తలనొప్పి మాత్రల్లోనే కెఫీన్ కలుపుతారు, అట్ట వెనక చదవండి. మాత్రతో తగ్గిందంటే అది ఆకలి నొప్పి అని చెప్పలేం.

నైట్‌షిఫ్ట్:
నాది తిరగేసిన బాధ. గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున మూడింటికి మిషన్ కాఫీ, ఎనిమిదింటికి పడక. నిద్ర పట్టదనే చెప్పను, పడుతుంది. కాకపోతే పదిన్నరకల్లా కళ్లు విచ్చుకుంటాయి, ఒళ్లు మాత్రం లేవనంటుంది. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుందట. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మి.గ్రా. ఇస్తే నిద్ర గంటకు పైగా తగ్గింది.

రామచిలుక:
మా ఆయన రాత్రి పదింటికి గ్లాసుడు తాగి గురక పెడతారు. నేను నాలుగు దాటాక తాగితే జాగారమే. ఇదెక్కడి న్యాయం?

మందులకొట్టు:
న్యాయం కాలేయం చేతిలో ఉందమ్మా. కెఫీన్‌ను విరిచే ఎంజైమ్ కొందరిలో చురుకు, కొందరిలో మందం, పుట్టుకతోనే. సిగరెట్ తాగేవాళ్లలో అది ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడితే కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు ఒంట్లో ఉంటుంది. నెలలు నిండేకొద్దీ గర్భిణుల్లో మరీ నెమ్మది. అందుకే వాళ్లను రోజుకు 200 మి.గ్రా. దాటొద్దంటారు.

మిగతావాళ్లకి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన హద్దు 300 మి.గ్రా. వాళ్ల లెక్కలో 150 మి.లీ. ఫిల్టర్ కాఫీకి 80–120, ఇన్‌స్టంట్‌కి 50–65, టీకి 30–65. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని కూడా చెప్పారు, వాటిలో ఉండే టానిన్లు అనే పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు అన్నం తినగానే టీ తాగడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

గ్రూప్స్_అభ్యర్థి:
అశోక్‌నగర్ రూముల్లో చాయ్ లేకుండా చదువు నడవదు. పరీక్ష దగ్గర పడితే గుండె దడ, చేతులు వణుకు. ఆ దడ పరీక్ష టెన్షనా, ఐదో చాయా అన్నది తెలియదు. కెఫీన్ అడ్రినలిన్‌ను పెంచుతుందట, భయం వేసినా పెరిగేది అదేనట. మధ్యాహ్నం తర్వాత చాయ్ ఆపాక దడ చాలావరకు పోయింది, పరీక్ష భయం అలాగే ఉంది.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. అమ్మ మానడం కల్ల, తగ్గిస్తుందేమో చూడాలి.

చిక్కటి_డికాక్షన్:
రుచి చెడకుండా తగ్గించాలంటే పొడి ఆడించేటప్పుడు చికోరీ వంతు పెంచండి. చికోరీలో కెఫీన్ ఉండదు. ఇప్పుడు 80–20 అయితే వచ్చే నెల 70–30, తర్వాత 60–40. గింజ రోబస్టా అయితే అరబికాకి మారండి, మన అరకుది అరబికానే. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. కార్తీకానికి రెండు నెలల ముందు మొదలుపెడితే చాలు.

మందులకొట్టు:
అమ్మగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారా? వేసుకుంటే మాత్రకీ కాఫీకీ మధ్య గంట ఎడం ఉంచమనండి. లేకపోతే మాత్ర సరిగా ఒంటబట్టదు.

గోదారిగట్టు:
వేసుకుంటుంది. అదీ కాఫీతోనే! ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.