ఈతిబాధలు: ప్రతి కష్టమూ ఈతేనా?

ప్రశ్న: పింఛను ఆలస్యమైనా, వీధి కుళాయికి నీరు రాకపోయినా పత్రికలు ‘ప్రజల ఈతిబాధలు’ అని రాస్తున్నాయి. కొందరు ‘ఇతిబాధలు’ అని కూడా రాస్తున్నారు. అసలు ఈ ‘ఈతి’ ఎక్కడిది? దాని అర్థం ఏమిటి?

మొదటి సభ్యుడు: ‘ఈతి’ సంస్కృత పదం, దానిని హ్రస్వంతో రాయడం తప్పు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, మరీ చేరువలో ఉన్న రాజులు అని పాత శ్లోకం ఆరు ఈతులను లెక్కపెడుతుంది. మరో పాఠంలో రాజులకు బదులు ‘స్వచక్రం, పరచక్రం’ చేరడంతో అవి ఏడవుతాయి. చక్రమంటే ఇక్కడ సైన్యం. శత్రుసేనతో పాటు సొంత రాజుగారి సేననూ పైరును పాడుచేసే పీడల్లోనే చేర్చిన ఆ శ్లోకకర్త, దండు విడిసి వెళ్లిన పొలాన్ని కళ్లారా చూసినవాడే అయి ఉండాలి. మనమూ ‘మిడతల దండు’ అనే అంటాము. 2020లో ఆ దండు రాజస్థాన్, మధ్యప్రదేశ్ దాటి విదర్భ దాకా వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు జిల్లాలు అప్రమత్తమయ్యాయి. ఇక చిలుకల సంగతి జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవారికి చెప్పనక్కరలేదు. కంకి పాలు పోసుకుంటే చాలు, అవి గుంపుగా వాలి, తిన్నంత తిని మిగిలినది కొరికి రాలుస్తాయి. కాబట్టి బయటి నుంచి వచ్చి ఊరి పంట మీద పడేదే ఈతి.

రెండవ సభ్యుడు: అనావృష్టి ఎక్కడి నుంచి వచ్చి పడుతుందండీ? వాన రాకపోవడమే కదా దాని దోషం! పైగా అమరకోశం ‘ఈతిర్డింబప్రవాసయోః’ అని ఉపద్రవాన్ని, ప్రవాసాన్ని అర్థాలుగా చెప్పిందే తప్ప పంట ఊసు ఎత్తలేదు. ప్రయత్నమనే అర్థం ఉన్న ‘ఉద్యోగం’ తెలుగులో కొలువుగా స్థిరపడినప్పుడు, ఈతిబాధ నిత్యకష్టంగా మారితే అభ్యంతరమెందుకు?

మొదటి సభ్యుడు: అనావృష్టి విషయంలో మీ ఆక్షేపణ సరైనదే, శ్లోకంలోని ఆరూ ఒకే వ్యుత్పత్తికి ఒదగవు. అయితే మీరు చూపిన ప్రవాసార్థమే, ఈ మాటను గమనార్థక ధాతువుతో, అంటే ‘వెళ్లడం’ అనే అర్థమున్న మూలంతో, ముడిపెట్టేవారి వాదానికి ఊతమిస్తున్నది. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడు తన ప్రజలు ‘నిరాతంకా నిరీతయః’ (భయం లేనివారు, ఈతులు లేనివారు) అని వసిష్ఠునితో అంటాడు. ఆతంకం వేరు, ఈతి వేరు కాబట్టే కవి రెండు మాటలు వాడాడు. ఊరంతటికీ నీరు కరవైతే ఈతిబాధ అనండి, ఒప్పుకుంటాను. పింఛను ఆలస్యానికి మాత్రం ‘ఇక్కట్లు’ అన్న మాట మనకు ఉండనే ఉంది.