అండర్-14 టీమ్‌లో అందరినీ ఆడించాలా, గెలిపించే ఐదుగురినే ఆడించాలా?

సుబేదారి కోచ్

అన్నలూ, అక్కలూ, ఒక విషయంలో మీ అందరి మాట కావాలి.

హనుమకొండలో నాలుగేళ్లుగా అండర్-14 మగపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, వారానికి ఆరు రోజులు. జీతం లేదు, నా ఉద్యోగం వేరే. పదిహేను మంది వస్తారు, జెర్సీలు పన్నెండే ఉన్నాయి. ఒక్కటే సిమెంటు కోర్టు, అందులో ఒక పక్క రింగు వంగిపోయింది. వానొస్తే ప్రాక్టీస్ లేదు. ఎండాకాలం ఏడింటికే నేల కాలుతుంది. పరీక్షలు దగ్గరపడితే ట్యూషన్లని సగం మంది రారు. ఇవన్నీ ఎలాగో నెట్టుకొస్తున్నా. నా వల్ల కానిది ఒక్కటే, మ్యాచ్‌లో ఎవర్ని ఆడించాలన్నది.

పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చిన టీమ్‌తో ఫ్రెండ్లీ మ్యాచ్. పన్నెండు మందినీ ఆడించాను. ఇంకో రెండు నిమిషాలుందనగా ఒక పాయింట్ ముందున్నాం. అప్పుడు కోర్టులో ఉన్న ఐదుగురిలో ఇద్దరు కొత్తవాళ్లు. అందులో ఒకడు బేస్‌లైన్ (రింగు వెనక కోర్టు చివరి గీత) బయటి నుంచి పాస్ ఇవ్వబోయి నేరుగా అవతలి వాడి చేతిలో పెట్టాడు. అక్కడి నుంచి మ్యాచ్ జారిపోయింది, మూడు పాయింట్లతో ఓడిపోయాం.

అయిపోగానే ఒక తండ్రి వచ్చి, "మా వాడు బెంచ్ మీద కూర్చుని చూస్తుంటే పాస్ ఇవ్వడం రానోణ్ని లోపల ఉంచుతారా సార్?" అని అందరి ముందే అడిగాడు. సోమవారం నుంచి వాళ్ల బాబు రావట్లేదు. మా టీమ్‌లో ఎక్కువ పాయింట్లు కొట్టేది ఆ బాబే.

పాస్ తప్పిన పిల్లాడేమో మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుతున్నాడు, కడుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు. అవి వాళ్లన్న షూ, ముందర గుడ్డ కుక్కుకుని వేసుకుంటాడు. దగ్గరికి పోతే తలెత్తకుండానే, "సార్, వచ్చే మ్యాచ్‌కు నేను రాకపోతే నడుస్తదా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ఈ వయసులో అందరూ ఆడాలన్నదే నా నమ్మకం. కానీ ఆ నమ్మకంతో మ్యాచ్ పోయింది, మంచి ఆటగాడూ పోయాడు. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట పీఈటీ

తమ్ముడూ, నీ మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోను. పంతొమ్మిదేళ్లుగా స్కూల్ టీమ్‌లు తీసుకుపోతున్నా. స్కూల్ గేమ్స్‌లో నాకౌట్ పడితే ఒక్క మ్యాచ్ ఓడగానే ఇంటి దారే. సెలెక్షన్ చేసేవాళ్లు పిల్లాడి ఆట చూడాలంటే టీమ్ ముందు ఆ గ్రౌండ్‌లో మిగిలి ఉండాలి కదా! మొదటి రోజే ఓడిపోతే మంచి ఆటగాడి సంవత్సరం పోయినట్టే. అండర్-14లో వాడికి అలాంటి సంవత్సరాలు ఎన్నుంటాయి?

ఇంకోటి. ఆరు రోజులు వచ్చి చెమటోడ్చినవాడు, రెండు రోజులు వచ్చి పోయినవాడు మ్యాచ్‌లో సమానంగా ఆడితే రేపటి నుంచి ప్రాక్టీస్‌కు ఎవడొస్తాడు? ప్రాక్టీస్ అందరిది, మ్యాచ్ మాత్రం సంపాదించుకున్నవాళ్లది. పిల్లలకు ఇది చెప్తే అర్థమవుతుంది. అర్థం కానిది పెద్దవాళ్లకే.

హంటర్ రోడ్ అమ్మ

సార్, నేను ఆటగాళ్ల మనిషిని కాను. మా బాబు రెండేళ్లు ఒక టీమ్‌లో ఉన్నాడు, అందుకని రాస్తున్నా. రోజూ పోయేవాడు, జ్వరమొచ్చినా ఆగేవాడు కాదు. ఖమ్మం పోయారు, నిజామాబాద్ పోయారు. రెండేళ్లలో మ్యాచ్‌లో దిగింది మొత్తం కలిపి ఐదు నిమిషాలు కూడా ఉండదు, అదీ ఇరవై పాయింట్లు ముందున్నప్పుడు. ఊరి నుంచి వచ్చాక జెర్సీ ఇచ్చేవాడు, ఉతకడానికి. దానికి చెమట వాసన కూడా ఉండేది కాదు. వాడు చూస్తున్నాడని నానబెట్టి ఉతికేదాన్ని.

ఇప్పుడు మానేశాడు. సంపాదించుకోవాలంటున్నారు కదా, వాడు సంపాదించుకోలేదని ఎవరు, ఏ రోజు చెప్పారు? ఏం నేర్చుకుంటే దింపుతారో ఒక్కసారన్నా చెప్పారా? చెప్పి ఉంటే వాడు అదే పనిగా నేర్చుకునేవాడు.

నయీంనగర్ నాన్న

మా వాడు వేరే టీమ్‌లో టాప్ స్కోరర్. మా బాధ కూడా వినండి. నాలుగున్నరకు లేస్తాడు. ఇంటికొచ్చాక వాకిట్లో ఎడమ చేత్తో డ్రిబ్లింగ్, పక్కింటివాళ్లు గొడవ చేసే దాకా. అంత చేసినవాడు మ్యాచ్ బిగుసుకున్నప్పుడు బెంచ్ మీద కూర్చుంటే తండ్రికి ఎలా ఉంటుంది? ఆయన అందరి ముందు అరవడం తప్పే, కానీ ఆయన కోపం మాత్రం తప్పు కాదు.

మైకేల్ జోర్డాన్‌నే హైస్కూల్లో టీమ్‌లోకి తీసుకోలేదు. ఆ కసితోనే అంతవాడయ్యాడు. కొంచెం దెబ్బ తగిలితేనే పిల్లలు గట్టిపడతారు.

స్కోర్ టేబుల్

నేను టేబుల్ దగ్గర కూర్చుని స్కోర్ షీట్లు రాసేవాణ్ని, కాబట్టి రెండు విషయాలు.

ఒకటి, జోర్డాన్ సంగతి. 1978లో ఆయన్ని స్కూల్ పెద్ద టీమ్‌లోకి తీసుకోని మాట నిజమే. కానీ బెంచ్ మీద కూర్చోబెట్టలేదు, జూనియర్ టీమ్‌లో వేశారు. ఆ సంవత్సరమంతా అక్కడ ఆడాడు, ఆ టీమ్‌కు ఆయనే స్టార్. అంటే ఆయనకు దొరికింది ఆడే చోటు. మన పిల్లలకు ఆ రెండో టీమే లేదు. ఉన్నదల్లా ఒక టీమ్, ఒక బెంచ్.

రెండోది, అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, ఆ దేశపు బాస్కెట్‌బాల్ సంస్థ యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి పిల్లల ఆటకు మార్గదర్శకాలు పెట్టాయి. అందులో 11 ఏళ్ల దాకా అందరికీ సమాన సమయం. 12 నుంచి 14 వాళ్లకు మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో, అంటే క్వార్టర్లలో, మొదటి మూడు సమానంగా, నాలుగోది కోచ్ ఇష్టం. జోర్డాన్ దేశంలోనే ఈ మాట చెప్తున్నారు.

లెక్క కూడా చూడండి. పది నిమిషాల క్వార్టర్లు మూడు, కోర్టులో ఐదుగురు. మొత్తం 150 నిమిషాలు. పన్నెండు మందికి పంచితే తలా పన్నెండున్నర నిమిషాలు. చివరి పది నిమిషాలు మీ గట్టి ఐదుగురివే అయితే వాళ్లకు ఇరవై రెండున్నర పడుతుంది. ఎవరికి అన్యాయం జరిగినట్టు?

పాత సెంటర్

ఈ చర్చలో గెలిపించే ఐదుగురికి లాభం, మిగతావాళ్లకు నష్టం అని మాట్లాడుతున్నారు. నేను ఆ ఐదుగురిలో ఒకణ్ని, అందుకని నా కథ చెప్తా.

పదమూడేళ్లకే అందరికన్నా జానెడు ఎత్తుండేవాణ్ని. మా కోచ్ నన్ను రింగు కింద నిలబెట్టి "చేతులు పైకెత్తి ఉండు, బంతి వస్తే వెయ్యి, రీబౌండ్ దొరికితే చిన్నోడికి ఇచ్చెయ్యి" అనేవాడు. రీబౌండ్ అంటే రింగులో పడకుండా తిరిగొచ్చిన బంతి. రెండు చేతులూ పైకెత్తి నిలబడటమే నా ఆట. వెనక జోన్ వేసేవాళ్లం, అంటే మనిషిని కాకుండా ఎవడి చోటును వాడు కాయడం. ఆ వయసు పిల్లలకు దూరం నుంచి వేయడం రాదు కాబట్టి జోన్ వేస్తే చాలు, అవతలివాళ్లు చేతులెత్తేసేవాళ్లు. జిల్లాలో గెలిచాం, ఫొటో ఇప్పటికీ ఇంట్లో ఉంది.

పదిహేడొచ్చేసరికి మిగతావాళ్లంతా నా ఎత్తుకొచ్చారు. ఇద్దరు దాటిపోయారు కూడా. అప్పుడు గార్డ్‌గా, అంటే బంతి ముందుకు తెచ్చేవాడిగా, ఆడమంటే నాకు ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ రాదు. ఒకణ్ని ఒంటరిగా కాపలా కాయడం రాదు. పదమూడేళ్లకు పెరిగిన నన్ను వాడుకున్నారు, పదహారుకు పెరగబోయేవాళ్లను అప్పటికే ఇంటికి పంపేశారు. ఆ ఇంటికి పోయినవాళ్లలో ఒకడు ఇప్పుడు నాకన్నా రెండు అంగుళాలు ఎత్తు. హనుమకొండ చౌరస్తాలో కనిపించినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

పీఈటీ సార్, మీరంటే గౌరవమే. కానీ పదమూడేళ్లకు "గెలిపించే ఐదుగురు" అంటే చాలాసార్లు ముందుగా ఎదిగిన ఐదుగురే. జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే అండర్-14లో ఉంటారు. ఆ పదకొండు నెలల తేడాను మనం ప్రతిభ అనుకుంటున్నాం.

జగిత్యాల అక్క

నాది ఆడపిల్లల టీమ్. ఏడుగురే. ఒక్కమ్మాయి మానేసినా కష్టం, ఇద్దరు మానేస్తే ఐదుగురే మిగులుతారు, ఎవరికైనా కాలు బెణికితే అంతే. కాబట్టి అందరినీ ఆడించాలా వద్దా అనే ప్రశ్నే మాకు లేదు. ఆడనివ్వని పిల్లను "ఇంత దూరం పోయి ఊరికే కూర్చునేదానికెందుకు" అని ఇంట్లోనే ఆపేస్తారు. గ్రౌండ్ దగ్గర బాత్రూమ్ లేకపోవడం, చీకటి పడే లోపు ఇంటికి చేర్చడం, ఈ కష్టాలు ఎలాగూ ఉన్నాయి.

సుబేదారి అన్నా, మీరు అడిగినదానికి సూటిగా చెప్తా. ఆ పిల్లాణ్ని ఆడించడం తప్పు కాదు. వాడికి ఏ పనీ చెప్పకుండా లోపలికి పంపారు, తప్పు అదే. బేస్‌లైన్ పాస్‌కు ఐదు సెకన్లే టైమ్. ఎదురుగా చేతులూపుతూ ఒకడు, పక్కన అరుపులు. ఆ పాస్ వాడు ప్రాక్టీస్‌లో ఎన్నిసార్లు ఇచ్చాడు? మా కొత్తపిల్లలకు నేను ఒక్కటే పని ఇస్తా. "నువ్వు ఎనిమిదో నంబర్ వెంటే ఉండు, బంతి ఎక్కడున్నా నీకు సంబంధం లేదు." అంతే. ఆ పని అయిందా లేదా అన్నదే మ్యాచ్ తర్వాత మాట్లాడతాం, స్కోరు కాదు. మూడు నాలుగు మ్యాచ్‌లయ్యాక రెండో పని చేరుస్తా.

బంతి సంగతి కూడా చూసుకోండి. అన్ని చోట్లా ఏడో సైజే పడేస్తారు, అది పెద్ద మగవాళ్ల బంతి, 600 గ్రాముల చుట్టూ ఉంటుంది. చిన్నపిల్లలు దాన్ని నడుము దగ్గర నుంచి విసురుతారు, ఆ విసురుడే అలవాటైపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకు ప్రాక్టీస్‌లో ఆరో సైజు ఇచ్చి చూడండి. పాస్ రానివాడని మనం అనుకునేవాడికి కొన్నిసార్లు చేతిలో బలం చాలకపోవడమే కారణం.

కాజీపేట పీఈటీ

ఒక పని మాత్రమే ఇవ్వాలన్న జగిత్యాల మేడమ్ మాట బాగుంది, రేపే మొదలుపెడతా. హంటర్ రోడ్ అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా బెంచ్ మీద కూడా అలాంటి పిల్లలున్నారు. ఏం నేర్చుకుంటే దింపుతానో వాళ్లకు నేనూ చెప్పలేదు. అది నా తప్పే.

కానీ నాకౌట్ మ్యాచ్‌లో మాత్రం నా మాట మార్చుకోను. ఫ్రెండ్లీల్లో, లీగ్‌లో అందరినీ తిప్పుతా.

సుబేదారి కోచ్

అందరికీ దండాలు. జగిత్యాల అక్కా, మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఆ పాస్ వాడితో నేను ఒక్కసారి కూడా చేయించలేదు. ఎదురుగా మనిషిని పెట్టి అసలే చేయించలేదు. ఓడింది వాడి వల్ల కాదు, నా వల్ల. నిన్న పొద్దున అందరి ముందు ఆ మాటే చెప్పాను.

ఇప్పటి నుంచి ఇలా అనుకుంటున్నా. ఆరు రోజుల్లో నాలుగు రోజులు వచ్చినవాడికే జెర్సీ, పీఈటీ సార్ చెప్పినట్టు. జెర్సీ వేసుకున్నవాడు మాత్రం మొదటి మూడు క్వార్టర్లలో తన వంతు ఆడతాడు, ఎంత గట్టి మ్యాచ్ అయినా సరే. కొత్తవాళ్లు ఒకేసారి ఇద్దరికి మించి ఉండరు, బంతి తెచ్చేవాడు ఎప్పుడూ పాతవాడే. ఎవరు ఎప్పుడు దిగేదీ ముందురోజే నోట్‌బుక్‌లో రాసి పిల్లలకు చూపిస్తా. జోన్ బంద్, ఎవడి మనిషిని వాడే చూసుకోవాలి. దీనివల్ల ఈ సంవత్సరం కొన్ని మ్యాచ్‌లు పోతాయి, తెలుసు.

నిన్న సాయంత్రం ఆ బాబు వాళ్లింటికి పోయాను. నాన్న మొదట ముభావంగానే ఉన్నాడు. నాలుగో క్వార్టర్ పద్ధతి చెప్పాక, "ఈ మాట మ్యాచ్‌కు ముందే చెప్పి ఉంటే నేనలా అనేవాణ్ని కాదు సార్" అన్నాడు. నిజమే. బాబు ఈ రోజు వచ్చాడు. బేస్‌లైన్ పాస్ డ్రిల్‌లో ఆ కొత్త పిల్లాడికి ఎదురుగా చేతులూపే పని వాడికే ఇచ్చాను. ముప్పై పాస్‌లలో పదకొండు ఆపేశాడు. తర్వాత వాడే బంతి పట్టుకుని, "అటు చూసి ఇటు ఇవ్వరా" అని చూపించాడు.

పీఈటీ సార్, నాకౌట్ మ్యాచ్ సంగతిలో మీకూ నాకూ కుదరదు. ఈ ఆదివారం మేమే కాజీపేట వస్తాం. మొదటి మ్యాచ్ నా పద్ధతిలో, రెండోది మీ ఇష్టం.

కాజీపేట పీఈటీ

రండి. ఆరింటికల్లా మొదలుపెడదాం, ఎండ ముదరక ముందే అయిపోతుంది. నీళ్ల క్యాన్లు మేం చూసుకుంటాం. ఆరో సైజు బంతి మా దగ్గర లేదు, ఉంటే ఒకటి పట్టుకురండి.