అప్‌డేట్: తొమ్మిది మంది ఉన్న హోటలుకు బీమా తప్పనిసరా?

పోయిన నెల అడిగిన ప్రశ్న ఇది: డాలస్ దగ్గర మా టిఫిన్ హోటల్లో తొమ్మిది మంది పనిచేస్తారు. వాళ్ళకు ఆరోగ్య బీమా కొనకపోతే జరిమానా పడుతుందని ఒక ఏజెంటు బెదిరించాడు, నిజమేనా అని.

నిజం కాదు. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం, అదే ఒబామాకేర్, ఆ బాధ్యతను పెట్టింది 50 మంది, అంతకు మించి పూర్తికాల సిబ్బంది ఉన్న సంస్థల మీదే. వారానికి 30 గంటలు చేస్తే పూర్తికాలం. తక్కువ చేసేవారి గంటలను కూడి, ఎంతమంది పూర్తికాలం వారికి సమానమో లెక్కకడతారు. ఎలా కూడినా మేము పది దాటము.

25 మందిలోపు ఉంటే పన్ను రాయితీ ఉంది, కానీ ప్రీమియంలో కనీసం సగం యజమాని భరించాలి. పైగా వరుసగా రెండేళ్ళే. మూడో ఏడు ఎవరిస్తారు? వదిలేశాను.

నా అసలు భయం వేరు. నా భార్యకు మధుమేహం. పాత జబ్బుందని బీమా కాదనకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు అన్నది కూడా ఈ చట్టమే. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఈ చట్టం కింద ఎవరైనా సొంతంగా బీమా కొనుక్కునే చోట, కుటుంబ పాలసీ తీసుకున్నాం. ఆమె జబ్బు గురించి ఒక్క మాటా అడగలేదు. నా సిగరెట్ల గురించి మాత్రం అడిగారు! మా అబ్బాయికి 23 ఏళ్ళు, 26 నిండేదాకా మా పాలసీలోనే ఉండవచ్చు. డిడక్టబుల్, అంటే బీమా చెల్లించడం మొదలయ్యేలోపు మేమే పెట్టుకోవాల్సిన మొత్తం, చూస్తే మాత్రం గుండె జారింది.