సమస్య: సోమరియె గెల్చె నాశకే సొమ్ము దక్కె

ఈ తేటగీతి పాదాన్ని, పాఠంలోని ట్యాగులను (కోణపు బ్రాకెట్లలోని గుర్తులను) రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (పాఠంలో వెదకవలసిన దానిని వర్ణించే కంప్యూటర్ నమూనాలతో) పట్టుకొనే విషయానికి అన్వయించి పూరించవలసి ఉంది. పరీక్షకు ఈ పంక్తి చాలును:

<పేరు>రాముడు</పేరు> <పేరు>సీత</పేరు>

<పేరు>.*</పేరు> అనే నమూనా ఆశపోతు: ఇందులో ‘.*’ అంటే ఏ అక్షరాలైనా, ఎన్నైనా అని అర్థం, అది వీలైనంత ఎక్కువ పాఠాన్ని పట్టుకొంటుంది. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం చేర్చిన <పేరు>.*?</పేరు>, పెర్ల్ అనే ప్రోగ్రామింగు భాష 5వ వెర్షను నాటి నుండి వాడుకలో ఉన్న సోమరి: వీలైనంత తక్కువ పాఠంతో ఆగుతుంది. పద్యాలలో ‘ముడి’ అంటే ట్యాగు, ‘మూత’ అంటే దానిని ముగించే ట్యాగు, ‘ఆశ’ అంటే ఆశపోతు.

మొదటి పూరణ

మొదటి ముడి నుండి తుదిమూత ముగియుదాక
అన్ని యక్షరంబులను దా నాశ మింగ
జాలు నని యాగి తొలిమూత జక్కగాను
సోమరియె గెల్చె నాశకే సొమ్ము దక్కె

సమీక్ష: గణయతులు సరిపోయినవి, విషయమూ సరియైనదే. ఆశపోతు రాముని, సీతను ఒకే తునకగా తెచ్చి పెట్టగా, సోమరి ఇద్దరినీ విడివిడిగా అందిస్తుంది. అయితే రెండవ పాదాంతాన్ని మూడవ పాదంతో కలిపి చదివితే ‘మింగజాలు’, అనగా మింగగలదు అనే అర్థం ముందుగా తోచి అన్వయం చెడుతున్నది. ‘మింగె’ అంటే చిక్కు తీరుతుంది.

రెండవ పూరణ

పక్కపక్కన ముడులున్న పాఠమందు
నొక్కదానిలో నొక్కటి యొదుగు నెడను
జక్కగా జూడ నీ రెంట జాడ దెలియు
సోమరియె గెల్చె నాశకే సొమ్ము దక్కె

సమీక్ష: క్రమాలంకారం చక్కగా అమరింది. ట్యాగులు పక్కపక్కన ఉన్నచోట సోమరి గెలుపు, ఒకదానిలో ఒకటి ఉన్నచోట ఆశపోతుకు సొమ్ము అని సమస్యాపాదాన్ని రెండుగా విడదీయడం మొదటి పూరణకు తోచని ఎత్తు. <పెట్టె>అ<పెట్టె>ఆ</పెట్టె></పెట్టె> అనే పాఠంలో సోమరి లోపలి మూత వద్దనే ఆగి బయటి పెట్టెను మూయకుండా వదులుతుంది. ఆశపోతు మాత్రం సరియైన మూతను చేరుకొంటుంది.

కాని ఇటువంటి జంటపెట్టెలు రెండు వరుసగా వస్తే ఆశపోతు మొదటి దాని నుండి రెండవ దాని చివరి వరకు లాగుతుంది, సోమరి యథాప్రకారం లోపలనే ఆగుతుంది, ఇద్దరికీ ఓటమియే. ఎంత లోతుకు దిగామో లెక్క ఉంచుకొన్నప్పుడే ఏ మూత ఎవరిదో తెలుస్తుంది, పరిమిత స్థితులు (గుర్తుంచుకోగల దశలు) మాత్రమే గల శాస్త్రీయ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు హద్దులేని లోతును లెక్కించే శక్తి లేదు. కొన్ని ఇంజన్లలో (ఈ నమూనాలను నడిపే ప్రోగ్రాములలో) తమను తామే పిలుచుకొనే పునరావృత నమూనాలు ఉన్నా, అవి ఆ శాస్త్రపరిధిని దాటినవే. నిజమైన పనికి, పాఠనిర్మాణాన్ని విడదీసి చదివే పార్సరు అనే ప్రోగ్రాము వాడడమే మేలు.

కనుక రెండవ పాదాన్ని ‘నొంటిదానిలో నొక్కటి యొదుగు నెడను’ అని సవరిస్తే, బయటి ట్యాగు ఒక్కటే అన్న నియమం పద్యంలోనికి వస్తుంది, గణయతులకూ భంగం ఉండదు. ఆ సవరణతో రెండవ పూరణను స్వీకరిస్తున్నాము.