విజయవాడ సింగ్‌నగర్‌లో రేకుల ఇల్లు: మెరక పోయించాలా, మెట్లు కట్టించాలా?

కుట్టుమిషన్: మాది రెండు గదుల రేకుల ఇల్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఛాతీ దాకా నీళ్లొచ్చి మిషన్, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకని ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు సామాన్లకే అయిపోయాయి. ఇప్పుడు డ్వాక్రా లోన్ వచ్చేలా ఉంది. లోపల రెండడుగులు మెరక పోసి గచ్చు చేద్దామంటాడు మేస్త్రీ. మా ఆయనేమో ఒక గది మీదైనా స్లాబ్ వేసి మెట్లు పెడదామంటున్నారు. ఏది చేయమంటారు?

మేస్త్రీ గారబ్బాయి: మెరక వద్దక్కా. ఛాతీ దాకా వచ్చిన నీళ్లు రెండడుగులకి ఆగుతాయా? పైగా రేకు నెత్తి మీదకొస్తుంది, మే నెలలో ఆ ఇంట్లో ఉండలేరు. గుమ్మాలు, కిటికీలు, బాత్రూం లైన్ అన్నీ లేపాలి, ఆ ఖర్చు మేస్త్రీ చెప్పి ఉండడు. స్లాబే మంచిది, కాకపోతే పాత గోడల మీద వేయొద్దు, పిల్లర్లు లేపాల్సిందే.

పాయకాపురం: ఆ వరద సంగతి సరే, మామూలు వానకో? మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి మా గుమ్మం జానెడు కిందకి పోయింది, గట్టి వాన పడితే ముందు బాత్రూంలోంచే మురుగు ఎగదన్నుతుంది. స్లాబ్ వేసినా ఆ లైన్‌కి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, గుమ్మం దగ్గర అడుగెత్తు కట్ట కట్టించండి. పెద్ద ఖర్చు కాదు.

కృష్ణలంక: మాకు కృష్ణ వరదకి అడ్డంగా రిటైనింగ్ వాల్ ఉంది కాబట్టి అప్పుడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటినా చాలావరకు బతికిపోయాం. మీ బాధ వేరు. బుడమేరు నీళ్లని మళ్లించే డైవర్షన్ ఛానల్ వెళ్లి కలిసేది కృష్ణలోనే, కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి తంతాయి. అది మీరూ నేనూ ఆపేది కాదు గానీ ఏ పని చేసినా మీటరు, స్విచ్ బోర్డులు మాత్రం పైకి పెట్టించండి. ఇంకోటి, స్థలానికి పట్టా ఉందా? గట్టు పక్క పోరంబోకు అయితే రూపాయి కూడా పెట్టకండి.

కుట్టుమిషన్: పట్టా ఉందండి, మా అత్తగారి పేరున. అయితే స్లాబే. బాత్రూం లైన్ సంగతి మేస్త్రీని అడుగుతా, ఆయన అసలు ఆ మాటే ఎత్తలేదు. మాది నల్లరేగడి, పిల్లర్లకి ఎంత లోతు తవ్వించాలి?

మేస్త్రీ గారబ్బాయి: నల్లరేగడి అయితే నా మాటా వద్దు, మీ మేస్త్రీ మాటా వద్దు. ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బే నేల అది. ఫీజు పోతే పోయింది, తవ్వకముందే ఒక ఇంజనీర్‌కి చూపించండక్కా.